పొడవు వెంట్రుకల పిల్లి, మన ఊరి ఎండ

 

ఈ నెల ఎమ్మిగనూరు నుండి ఒక సోదరి లేఖ వ్రాశారు. ఆమె భర్త గల్ఫ్‌లో వాహన చోదకులు. బక్రీద్‌కు సెలవుపై వచ్చినప్పుడు పిల్లలకు మంచి జాతి పిల్లిని కొనిపెడతానని ఫోనులో మాట ఇచ్చారట. తొమ్మిదేళ్ళ కుమార్తె పర్షియన్ పిల్లి కావాలంటున్నది. పద్నాలుగేళ్ళ కుమారునికి మాత్రం సింహపు జూలు వంటి మెడ వెంట్రుకలున్న మెయిన్ కూన్ కావాలి. అత్తగారికి ఉబ్బసం. ఇంటి ముందు గదిలో మగ్గాల వారికి కండెలు చుట్టి ఇచ్చే పని సాగుతుంటుంది. రెండింటిలో ఏది తెచ్చుకోవాలి, అసలు సొమ్ము పోసి పిల్లిని కొనడం ధర్మసమ్మతమేనా అని ఆమె అడుగుతున్నారు. ఇటువంటి ప్రశ్నే ఆదోనిలో మా మద్రసా విద్యార్థుల తల్లిదండ్రులు కూడా ఈ మధ్య తరచుగా వేస్తున్నారు. కనుక కొంచెం విపులంగానే వ్రాస్తాను.

ముందుగా రెండవ ప్రశ్న. పిల్లిని ఇంట ఉంచుకోవడంలో ఏ దోషమూ లేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేయబోతుండగా పిల్లి వచ్చింది. ఆయన దాని ముందుకు పాత్రను వంచి తృప్తిగా త్రాగనిచ్చారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అపవిత్రం కాదనీ, అది మీ మధ్య తిరుగాడే జీవులలోనిదనీ దైవప్రవక్త (స) చెప్పారని వివరించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. హనఫీ పండితుల నిర్ణయం ఏమంటే, పిల్లి మూతి పెట్టిన నీళ్ళు అపవిత్రం కావు. వేరే నీళ్ళు ఉండగా వాటితో వుజూ చేయకపోవడం మేలు. అప్పుడే ఎలుకను తిని వచ్చి మూతి పెడితే మాత్రం ఆ నీళ్ళు పనికిరావు. జానమాజుపై పిల్లి వెంట్రుకలు పడితే నమాజు చెడదు. మూత్రం సంగతి వేరు. అది అపవిత్రం, బట్టను కడగవలసిందే. ఈ మాట తరువాత మళ్ళీ అవసరపడుతుంది. (ప్రవక్త వారికి ముయిజ్జా అనే పిల్లి ఉండేదనీ, అది నిద్రిస్తుంటే లేపకుండా చొక్కా చేతిని కత్తిరించారనీ ఫోనులలో ఒక కథ తిరుగుతున్నది. ప్రామాణిక హదీసు గ్రంథాలలో అది లేదు. పిల్లలకు హజ్రత్ అబూ హురైరా గారి చిన్న పిల్లికూన సంగతి చెప్పండి. అది ఉన్నది, ఆ పేరే దాని వల్ల వచ్చింది.)

కొనుగోలు విషయంలో భేదాభిప్రాయం ఉన్నది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో కుక్క వెలతో పాటు పిల్లి వెలను కూడా వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. దీనిని బట్టి కొందరు పండితులు పిల్లి అమ్మకం కూడదన్నారు. నాలుగు మజ్‌హబ్‌ల అధిక సంఖ్యాకులు మాత్రం ప్రయోజనం ఉన్న పిల్లిని అమ్మడం, కొనడం సమ్మతమేనన్నారు. హనఫీలుగా మనం కొంటే తప్పుపట్టలేము. అయినా భేదాభిప్రాయం నుండి బయటపడే సులువైన దారి ఒకటున్నది. పెంచలేక ఎవరికైనా ఇచ్చివేయాలని చూస్తున్న వారి వద్ద నుండి, పెద్దదైన పిల్లిని కానుకగా తీసుకోవడమే ఆ దారి. ఇది నా ఇష్టమైన సలహా కూడా. ఎందుకో క్రింద చెబుతాను.

ఇక అసలు విషయం. పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేలపై తిరిగే పురుగు పుట్రనైనా తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైన హదీసు మనందరికీ తెలిసినదే. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. అందులో రెండు దారులు కనిపిస్తాయి: తిండి పెట్టు, లేదా వదిలిపెట్టు. మన వీధి పిల్లి విషయంలో ఈ రెండూ తెరిచే ఉన్నాయి. ఒక పూట మరచినా మార్కెట్ యార్డులో ఎలుకను పట్టుకుని బ్రతుకుతుంది. పొడవు వెంట్రుకల జాతి పిల్లికి రెండవ దారి లేదు. దానిని అలా తయారు చేసినది మనిషే. చదును ముఖం ఉన్నదైతే ఎలుకను సరిగా పట్టలేదు. దువ్వేవారు లేకపోతే వెంట్రుకలు ఉండలు కట్టి, ఆ ఉండలు చర్మాన్ని లాగి పుండ్లు పడతాయి. వదిలిపెట్టడం అంటే దాని విషయంలో చంపడమే. కాబట్టి ఏ రంగు, ఏ జాతి అని ఎంచుకునే ముందు, మనకు మొదటి దారి ఒక్కటే మిగిలి ఉన్నదని తెలుసుకోవాలి. అదీ ఒక నెలకు కాదు, పన్నెండు నుండి పదిహేనేళ్ళకు. ఇప్పుడు తొమ్మిదేళ్ళున్న అమ్మాయికి అప్పటికి నికాహ్ కూడా అయిపోవచ్చు. పిల్లి పుట్టింట్లోనే ఉంటుంది.

గత ఏడాది మే నెలలో మా మద్రసా ఆవరణలో ఎవరో ఒక తెల్లని పర్షియన్ పిల్లిని వదిలి వెళ్ళారు. పొట్ట క్రింద వెంట్రుకలన్నీ కలిసి అట్ట కట్టి ఉన్నాయి. కళ్ళ నుండి నీరు కారి ముఖం మీద గోధుమ రంగు చారలు. నోరు తెరచి రొప్పుతున్నది. విద్యార్థులు తడి గోనెపట్టా పరచి, గదిలో పంకా వేసి పడుకోబెట్టారు. పశువైద్యులు వెంట్రుకలను పూర్తిగా గొరిగితే క్రింద చర్మం పచ్చిగా ఉన్నది. వారం రోజులు బ్రతికింది. దానిని తెచ్చినవారు చెడ్డవారు అయివుండరు. ఎవరో బిడ్డ అడిగి ఉంటుంది, ఎవరో తండ్రి మాట ఇచ్చి ఉంటాడు.

ఇప్పుడు రెండు జాతుల సంగతి. పర్షియన్ అన్న పేరు వినగానే మనకు ఆత్మీయత కలుగుతుంది. మన ఆదోని కోట బిజాపూరు సుల్తానుల కాలంలోను, మొఘలులు ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చిన కాలంలోను పారసీలో రాజ్యం నడిపింది. దరఖాస్తు, దస్తావేజు అన్న మాటలు నేటికీ మన నోట ఉన్నాయి. అయితే ఈ పిల్లి ఆ దారిన రాలేదు. పియెత్రో దెల్లా వాలే అనే ఇటలీ యాత్రికుడు 17వ శతాబ్దం తొలి దశకాలలో పర్షియాలో ఉండగా, ఖురాసాన్ ప్రాంతపు పొడవు వెంట్రుకల పిల్లులను చూచి ముచ్చటపడి తన దేశానికి తీసుకుపోదలచాడు. (అదే యాత్రికుడు తరువాత మన పొరుగున కన్నడ దేశంలో ఇక్కేరి దాకా వచ్చాడు.) ఇప్పుడు మనం చూస్తున్న జాతి రూపు దిద్దుకున్నది మాత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండులో. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో జరిగిన ప్రదర్శన తరువాత ఇటువంటి పోటీలు వ్యాపించాయి. 2008లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ప్రకారం నేటి పర్షియన్ పిల్లుల రక్తసంబంధం పశ్చిమ ఐరోపా పిల్లులతోనే గాని ఇరాన్ వైపు పిల్లులతో కాదు. పేరు మాత్రమే పారసీ.

పర్షియన్‌లో మళ్ళీ రెండు ముఖాలు. ముక్కు కొంచెం ముందుకు ఉండే బొమ్మ ముఖం ఒకటి. ముక్కు కళ్ళ మధ్యకు నొక్కుకుపోయిన చదును ముఖం మరొకటి; అమ్మేవారు దీనిని పంచ్ ఫేస్ అంటారు, ఎక్కువ వెల చెబుతారు. ఎక్కువ వెల పెట్టి ఎక్కువ రోగాన్ని కొనడం ఇదేనేమో. ముక్కు రంధ్రాలు ఇరుకు కావడం వల్ల ఊపిరి సరిగా ఆడదు, కన్నీటి నాళం వంకర పోయి కన్ను ఎప్పుడూ తడిగా ఉంటుంది, దవడ పొట్టిదై పళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ప్రయాసపడి శ్వాసించే జీవిని అందం కోసం పుట్టించడం నాకు ససేమిరా నచ్చదు. బొమ్మ ముఖపు పర్షియన్ స్వభావం మాత్రం చిన్న ఇంటికి అనువైనది. నెమ్మది జీవి, ఒకచోట పడి ఉంటుంది, అరుపు తక్కువ, బరువు సాధారణంగా మూడు నుండి ఐదున్నర కిలోలు. ఈ జాతిలో మూత్రపిండాలలో నీటి తిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఉన్నది. దానికి కారణమైన జన్యులోపం 2004లో కనుగొన్నారు. తల్లి లేదా తండ్రి ఒక్కరి నుండి వచ్చినా చాలు, వ్యాధి సంక్రమిస్తుంది. జన్యుపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. ఆ పరీక్ష కాగితం అడిగినప్పుడు అమ్మకందారు ముఖం ఎటు తిప్పుతాడో చూడండి, అతని వ్యాపారం ఎలాంటిదో తెలిసిపోతుంది.

దుకాణాలలో హిమాలయన్ అని మరొకటి చూపి, ఇది మంచుకొండల పిల్లి అని చెబుతారు. పర్షియన్‌ను సియామీ పిల్లితో కలిపి అమెరికాలో పుట్టించినదే అది. చెవులు, ముఖం, కాళ్ళు, తోక మాత్రమే ముదురు రంగులో ఉండడం దాని ప్రత్యేకత. ఆ రంగు శరీరంలో చల్లగా ఉండే భాగాలలోనే ఏర్పడుతుంది. మన వేడిలో అది చిత్రపటంలో ఉన్నంత ముదురుగా రాదు. రంగు చూచి కొన్నవారు తరువాత మోసపోయామని వాపోతే పిల్లి ఏమి చేయగలదు?

మెయిన్ కూన్ అమెరికాలో ఈశాన్యపు చలి రాష్ట్రమైన మెయిన్‌కు చెందినది. 1895లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో ఈ జాతి పిల్లే గెలిచింది. 1985లో ఆ రాష్ట్రం దానిని తన అధికారిక పిల్లిగా ప్రకటించింది. మగది ఆరు నుండి ఎనిమిది కిలోలు, కొన్ని ఇంకా ఎక్కువ. పూర్తిగా ఎదగడానికి మూడు నుండి ఐదేళ్ళు పడుతుంది. మంచులో నడవడానికి పాదాల క్రింద కూడా వెంట్రుకల కుచ్చులు, పడుకున్నప్పుడు ఒంటిచుట్టూ కప్పుకోవడానికి గుబురు తోక. స్వభావంలో ఎంతో స్నేహశీలి. మనుషుల వెంట గది గదికీ తిరుగుతుంది, నీళ్ళతో ఆడుతుంది, పక్షి కిచకిచ వంటి చిత్రమైన శబ్దంతో పలుకరిస్తుంది. ముఖం సహజంగా ఉండడం వల్ల ఊపిరి బాధ లేదు. వెంట్రుకలు పర్షియన్ కంటే తక్కువగా చిక్కుపడతాయి, వారానికి రెండు మూడు సార్లు దువ్వితే చాలు. అబ్బాయి కోరికలో న్యాయం ఉన్నదని ఒప్పుకోవాలి. అయితే గుండె కండరం దళసరి కావడం ఈ జాతిలో తరచుగా కనిపించే వ్యాధి. దీని జన్యులోపం 2005లో బయటపడింది. తుంటి కీళ్ళ బాధ కూడా ఉంటుంది. వెల పర్షియన్ కంటే అనేక రెట్లు. అంత సొమ్ము వచ్చే వ్యాపారంలో గుబురు వెంట్రుకల సంకరజాతి పిల్లను మెయిన్ కూన్ అని అంటగట్టడం కష్టమేమీ కాదు. 2018 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి నమోదు ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో బొమ్మ చూపి బస్సులో పంపుతామనే వారికి ఏ నమోదూ ఉండదు.

ఎండ మాట. ఆదోని, ఎమ్మిగనూరులలో ఏప్రిల్, మే నెలలలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. పిల్లికి మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళలో మాత్రమే పడుతుంది. కుక్క నాలుక చాచి రొప్పడం సహజం. పిల్లి రొప్పిందంటే ప్రమాదం మొదలైనట్లే. ఇక్కడ నేను జాతి కంటే ఇంటినే ముందుగా చూడమంటాను. మన పెద్దలు కట్టిన మట్టిమిద్దె, నాపరాతి నేల ఉన్న ఇంట్లో ఈ రెండు జాతులూ ఎండాకాలం గడపగలవు. నడి మధ్యాహ్నం అవి ఆ బండపై కడుపు ఆనించి పడుకుంటాయి. రేకుల కప్పు క్రింద, పైగా మధ్యాహ్నం కరెంటు పోయే ఇంట్లో, రెండూ వద్దు. ఎవరు ఎంత ఏడ్చినా వద్దు. వడదెబ్బ తగిలితే చిగుళ్ళు ఎర్రబారి, చొంగ కారి, తూలుతుంది. ఐసు నీళ్ళు పోయకూడదు. మామూలు చల్లని నీళ్ళతో పాదాలు, పొట్ట తడిపి, పంకా గాలి తగలనిస్తూ వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

దువ్వెన ఎవరి చేతిలో ఉంటుంది? పర్షియన్‌ను రోజూ దువ్వాలి, కళ్ళ క్రింద రోజూ తడిగుడ్డతో తుడవాలి, ఇసుక తొట్టిని రోజూ శుభ్రం చేయాలి. మాట ఇచ్చిన తండ్రి నెల సెలవు ముగియగానే విమానం ఎక్కుతారు. అడిగిన పిల్లలు పాఠశాలకు పోతారు. ఉదయం ఫజ్ర్ తరువాత వంట, కండెలు, అత్తగారి మందులు చూచుకునే తల్లి మీదనే ఈ పనీ పడుతుంది. ఆమెను అడగకుండా పిల్లిని ఇంటికి తేవడం ఆమెపై చేసే అన్యాయమని ఆ సోదరునికి ఈ పత్రిక ద్వారానే తెలియజేస్తున్నాను. ఇంటిలో గర్భిణీ స్త్రీ ఉంటే ఇసుక తొట్టి పని ఆమె చేయరాదు, పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా క్రిమి గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. ఆ క్రిమి బయటపడిన ఒకటి నుండి ఐదు రోజుల తరువాతే అంటుకునే స్థితికి వస్తుంది కనుక, ఏ రోజు తొట్టి ఆ రోజే ఎత్తివేయడం అందరికీ రక్షణ. మరొకటి, తామర. పర్షియన్ పిల్లులు పైకి ఏమీ కనపడకుండానే దీనిని మోసుకువస్తాయి. పిల్లల మెడల మీద, చేతుల మీద గుండ్రని మచ్చలు వస్తే మొదట పిల్లిని పరీక్ష చేయించండి.

అత్తగారి ఉబ్బసం గురించి ఆ సోదరి ఒక్క వాక్యంలో వ్రాసి ముందుకు పోయారు. నేను అక్కడే ఆగాను. పిల్లి పడకపోవడానికి కారణం వెంట్రుకల పొడవు కాదు. దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక మాంసకృత్తు. అన్ని జాతులలోనూ అది ఉంటుంది. ఈ జాతి పడుతుంది, ఆ జాతి పడదు అని అమ్మకందారు చెప్పే మాటకు విలువ లేదు. పెద్దావిడను రెండు మూడు రోజులు పిల్లి ఉన్న బంధువుల ఇంట్లో కూర్చోబెట్టి చూడండి, ఆమె వైద్యుని అడగండి. ఆయాసం పెరిగితే ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది. తల్లి ఊపిరి కంటే పిల్లల ముచ్చట పెద్దది కాదు.

ఎమ్మిగనూరు ఇండ్లకు ప్రత్యేకించి చెప్పవలసినది నూలు సంగతి. మాచాని సోమప్ప గారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం నాటి నుండీ ఆ ఊరి పేరు మగ్గంతో ముడిపడి ఉన్నది. పిల్లికి వ్రేలాడే పోగు కనబడితే ఆగలేదు. నాలుక మీది ముళ్ళు లోపలి వైపుకు వంగి ఉండడం వల్ల నోటపడిన దారాన్ని ఉమ్మివేయలేదు, మింగుతూనే పోతుంది. ఆ దారం ప్రేగులను ముడుతలుగా లాగి కోసివేస్తుంది. మలద్వారం దగ్గర దారం కొస కనబడినా చేతితో లాగవద్దు, తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఆటల పిల్లి అయిన మెయిన్ కూన్‌కు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కండెల గదికి తలుపు ఉండి, అది మూసి ఉంచగలిగితేనే తరువాతి మాట.

వంటింటి విషయంలో ఆదోని వారికీ ఎమ్మిగనూరు వారికీ తేడా లేదు. దావత్‌లో మిగిలిన బిర్యానీ పిల్లికి పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నాశనం చేస్తాయి. ఉడికిన ఎముక విరిగి గొంతులో గుచ్చుకుంటుంది. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టవచ్చు. అదొక్కటే పెడితే పోషకాలు చాలవు కనుక పిల్లుల కోసం తయారైన మేత కూడా ఉండాలి. కుక్కల మేత పనికిరాదు. పిల్లి అంటే పాలు అనుకుంటాము గాని ఎదిగిన పిల్లులలో చాలా వాటికి పాలు అరగవు. జ్వరం వచ్చిందని మన పారాసిటమాల్ బిళ్ళ ముక్క వేస్తే చచ్చిపోతుంది. ఈ ఒక్క మాట గోడ మీద వ్రాసి పెట్టుకున్నా నాకు సంతోషమే.

మరి ఏది? అత్తగారికి పడుతుందని తేలి, ఇల్లు రేకులది కాక, కండెల గదికి తలుపు ఉంటే, బొమ్మ ముఖపు పర్షియన్. అదీ ఎదిగినది, ఎవరైనా ఇచ్చివేయదలచినది. రెండేళ్ళు దాటిన పిల్లి స్వభావం, ఆరోగ్యం అప్పటికే తెలిసిపోయి ఉంటాయి, తల్లి శ్రమ సగం తగ్గుతుంది. మెయిన్ కూన్ ఈ ఇంటికి తగదు. పెద్ద ఆవరణ, రోజంతా ఆడుకునేవారు, చల్లని గది, గుండె పరీక్షల ఖర్చుకు వెనుదీయని సంపాదన ఉన్న ఇండ్లు మన రెండు ఊళ్ళలోనూ కొన్ని ఉన్నాయి, వారు ఆలోచించుకోవచ్చు. చదును ముఖం ఎవరికీ వద్దు. అత్తగారికి పడి, ఇల్లు మాత్రం ఈ జాతులకు తగనిదైతే, వీధిలో పుట్టిన పొట్టి వెంట్రుకల పిల్లికి టీకాలు వేయించి పెంచుకోమని అమ్మాయికి నచ్చజెప్పండి. మన ఎండను తట్టుకునేలా పుట్టిన జీవి అది.

మగ పిల్లి అయితే ఎదిగిన తరువాత గోడల మీద మూత్రం చిమ్ముతుంది. నమాజు చేసే ఇంట్లో అది ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. జంతువుకు సంతాన నిరోధక శస్త్రచికిత్స ప్రయోజనం ఉన్నప్పుడు, హానిని తప్పించడానికైనప్పుడు సమ్మతమేనని హనఫీ పండితులు అన్నారు. అయిదారు నెలల వయసులో చేయిస్తే ఆ అలవాటే పడకపోవచ్చు. పిల్లను తెచ్చుకుంటే ఎనిమిదవ వారం నుండి మూడు జబ్బుల టీకా, మూడు నాలుగు వారాల ఎడంతో మళ్ళీ, పన్నెండవ వారం నుండి రేబీస్ టీకా వేయించాలి. ఎదిగిన దానిని తెచ్చుకుంటే పాత టీకాల చీటీ అడిగి తీసుకోండి.

ఇక తెచ్చే రోజు. ఈసారి బక్రీద్ మండుటెండలలో వస్తున్నది. పండుగకు పిల్లి ఇంట ఉండాలని తొందరపడకండి. ఆ సోదరుడు సెలవులో ఇల్లు సిద్ధం చేయనివ్వండి: కండెల గదికి తలుపు, కిటికీకి జాలీ, పెద్ద ఇసుక తొట్టి, పళ్ళ ఎడం వేరువేరుగా ఉన్న రెండు ఇనుప దువ్వెనలు. వానలు పడి నేల చల్లబడిన తరువాత పిల్లిని తీసుకురండి. బెంగళూరు నుండి అయితే రాత్రి రైలులో, గాలి ఆడే గట్టి పెట్టెలో, క్రింద పాత టవలు పరచి, పైన పలుచని గుడ్డ కప్పి. ఆదోనిలో దిగి ఎమ్మిగనూరు బస్సు ఎక్కేది తెల్లవారుజామునే కావాలి.